మీ ప్రశ్నలు – మా జవాబులు: గ్యాస్ బండ, మంట, సెగ

వంటగ్యాస్ సిలిండర్ గురించి మీకున్న సందేహాలను రాసి పంపమని కిందటి సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాలను ఒక్కచోట పెట్టి చదివితే ఒక సంగతి తేటతెల్లమైంది. కాస్త నిబ్బరంగా ఉంటే సరిపోయే చోట చాలామంది హడలిపోతున్నారు. నిజంగా హడలిపోవలసిన చోట మాత్రం ‘ఏళ్ల తరబడి ఇలాగే చేస్తున్నాం, ఏమీ కాలేదు’ అని రాస్తున్నారు. అందుకే ఈసారి జవాబులు కొంచెం పొడవుగా ఇస్తున్నాం. ఒకే విషయంపై వచ్చిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా మార్చాం.

ప్రశ్న: గారెలు వేస్తుండగా సిలిండర్ మీద రెగ్యులేటర్ దగ్గర భగ్గున మంట లేచింది. పిల్లల్ని తీసుకుని మేము వీధిలోకి పరుగెత్తాం. పక్కింటి బాబాయి గారు తడిపిన దుప్పటి దాని మీద కప్పి, లోపలికి చెయ్యి పెట్టి రెగ్యులేటర్ కట్టేశారు. మంట బండ లోపలికి పాకి పేలిపోయేదని, ఆయన అదృష్టం బాగుండి బతికిపోయారని మా అత్తగారు అంటున్నారు. ఆయన చేసింది సరైనదేనా? – ఒక గృహిణి, తెనాలి

జవాబు: సరైనదే చేశారు. మీరు పిల్లలను ముందు బయటికి తీసుకెళ్లడమూ సరైనదే. అయితే మీ అత్తగారి భయానికి తగిన జవాబు చెప్పాలి, ఎందుకంటే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఈ భయమే ఉంది.

ఏదైనా మండాలంటే ఇంధనంతో పాటు గాలి కావాలి. సిలిండర్ లోపల గాలి ఉండదు. కింద ద్రవరూపంలోనూ, దాని పైన ఆవిరి రూపంలోనూ గ్యాస్ మాత్రమే ఉంటుంది. పైగా లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి కొన్ని రెట్లు ఎక్కువగా ఉంటుంది కాబట్టి గ్యాస్ ఎప్పుడూ బయటికే తన్నుకొస్తుంది. ఆ ధారకు ఎదురెక్కి మంట లోపలికి వెళ్లడానికి దారి లేదు. వాల్వ్ దగ్గర మండుతున్న గ్యాస్ వాల్వ్ దగ్గరే మండుతుంది, బర్నర్ దగ్గర మండేది బర్నర్ దగ్గరే మండినట్టు.

మరి ప్రమాదం ఎక్కడుంది? ఆ మంట నాలుక సిలిండర్ ఒంటి మీదికి వంగి, లేదా పక్కనున్న కర్టెన్‌నో, చెక్క అలమరనో అంటుకుని, ఆ వేడికి బండ చాలాసేపు కాలితే అప్పుడు పేలుతుంది. అంటే మంట పుట్టిన తొలి క్షణాల్లో మన చేతిలో కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని మీ బాబాయి గారు వాడుకున్నారు. నీళ్లు ఓడేలా తడిపిన మందపాటి నూలు దుప్పటినో, గోనెసంచినో ముఖానికి అడ్డంగా రెండు చేతులతో పట్టుకుని, పై నుంచి వాల్వ్ మీద కప్పి, గాలి ఆడకుండా చుట్టూ నొక్కితే మంట ఆరుతుంది. వెంటనే రెగ్యులేటర్ మీట ఆపివేయాలి. ఆ మీట తిప్పినప్పుడు లోపల జరిగేది ఇది: వాల్వ్ మధ్యలో చిన్న పిన్ను ఒకటి ఉంటుంది, రెగ్యులేటర్ ఆన్ చేసినంతసేపూ దాన్ని కిందికి నొక్కి ఉంచుతుంది. ఆఫ్ చేయగానే స్ప్రింగు ఆ పిన్నును పైకి నెట్టి దారి మూసేస్తుంది. తర్వాత రెగ్యులేటర్‌ను ఊడదీసి, సిలిండర్ మెడకు నైలాన్ దారంతో వేలాడే ప్లాస్టిక్ మూతను వాల్వ్ మీద బిగించాలి. ఆ దారాన్ని తెంపి మూతను పారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది సీలుకు సంబంధించిన చెత్త కాదు, ఇటువంటి సమయానికి ఇచ్చిన సాధనం.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. గ్యాస్‌ను ఆపే అవకాశం లేనప్పుడు మంటను మాత్రమే ఆర్పడం మేలు కాదు. మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటే అది గది నిండా పరుచుకుని, ఎక్కడో ఒక నిప్పురవ్వ తగలగానే గదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. కనుక కప్పడం, కట్టేయడం ఒకే పనిగా వెంటవెంటనే జరగాలి. మంట చెయ్యి పెట్టలేనంత పెద్దదైతే, లేదా సిలిండర్ చుట్టూ ఇతర వస్తువులు కూడా అంటుకుని ఉంటే ఆ ప్రయత్నమే వద్దు. అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలి. సిలిండర్‌ను ఈడ్చడం, పడుకోబెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే బయటికి వస్తుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల ఆవిరిగా మారుతుంది కాబట్టి మంట ఎంత పెరుగుతుందో ఊహించుకోవచ్చు.

మీ ఇంట్లో లీకు వాల్వ్ లోపలి రబ్బరు వాషర్ చిట్లడం వల్ల జరిగి ఉండవచ్చు. కొత్త బండ తెచ్చినప్పుడు మూత తీయించి, వాషర్ ఉందో లేదో చూపించమని, లీకు పరీక్ష చేయమని డెలివరీ బాయ్‌ని అడగడం మీ హక్కు. మీరే చూసుకోవాలంటే సబ్బు నీళ్ల నురగ పూస్తే చాలు, లీకున్న చోట బుడగలు లేస్తాయి. అగ్గిపుల్ల గీసి చూసే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారని మరో రెండు ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. వారికి చెప్పగలిగింది ఒక్కటే: దయచేసి మానండి.

ప్రశ్న: మాది ఒకే గది ఇల్లు. కట్టెల పొయ్యి మీద అన్నం, నీళ్లు కాస్తాం. టీ, కూరలు గ్యాస్ మీద చేస్తాం. రెండింటికీ మధ్య ఒక అడుగున్నర దూరం ఉంటుంది. బండ వెచ్చబడుతుందే గానీ చెయ్యి కాలేంత వేడెక్కదు. ప్రమాదమా? – ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ప్రమాదమే. ఈనెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది మీదే.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం వచ్చాక లక్షలాది పేద ఇళ్లలోకి గ్యాస్ వచ్చింది. పొగ తగ్గింది, కళ్లమంటలు తగ్గాయి. కానీ రీఫిల్ ధర భరించలేక కట్టెల పొయ్యి కూడా చాలా ఇళ్లలో మిగిలిపోయింది. ఇల్లు చిన్నదైతే రెండూ ఒకే మూలకు చేరతాయి. ఇది ఎవరి తప్పూ కాదు గానీ ప్రమాదం మాత్రం ఇక్కడ రెండు రకాలుగా పొంచి ఉంటుంది.

మొదటిది లీకు. వంటగ్యాస్ గాలి కంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. పైకి తేలిపోకుండా నేల మీద పరుచుకుంటుంది. మీ కట్టెల పొయ్యి ఉండేదీ నేల మీదే. గ్యాస్ స్టవ్ గట్టు మీద, సిలిండర్ నేల మీద, వాటి పక్కన నేల మీదే ఆరని నిప్పులు: లీకైన గ్యాస్ తిన్నగా ఆ నిప్పుల్లోకే వెళుతుంది. పొయ్యి ఆర్పేశాం అనుకున్న తర్వాత కూడా బూడిద కింద నివురుగప్పిన నిప్పు చాలాసేపు ఉంటుందని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండోది సెగ. మన 14.2 కిలోల సిలిండర్‌ను 65 డిగ్రీల సెల్సియస్ వద్ద లోపల పుట్టే ఒత్తిడిని లెక్కలోకి తీసుకుని తయారు చేస్తారు. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 17 కిలోలు. దానికి మించిన ఒత్తిడితో నీళ్లు నింపి పరీక్షించాకే బయటికి పంపుతారు. కాబట్టి బండ గోరువెచ్చగా ఉన్నంత మాత్రాన పేలదు. కానీ కట్టె జారి పడి మంట నేరుగా బండకు తగిలితే లెక్క మారిపోతుంది. లోపల ద్రవం ఉన్న ఎత్తు వరకు ఉక్కు గోడ వేడిని ద్రవం పీల్చుకుని మరుగుతుంది కాబట్టి ఆ భాగం అంత త్వరగా కాలదు. ద్రవం పైన, ఆవిరి మాత్రమే ఉన్న చోట ఉక్కును చల్లబరిచేది ఏమీ లేదు. సుమారు 600 డిగ్రీల దగ్గర ఉక్కు బలం సగానికి పడిపోతుంది. కట్టెల మంట ఆ వేడిని అందుకోవడం పెద్ద విషయం కాదు. ఒకపక్క మరుగుతున్న ద్రవం ఒత్తిడి పెంచుతుంటే, మరోపక్క గోడ మెత్తబడుతుంటుంది. ఎక్కడ మెత్తబడిందో అక్కడ చీలుతుంది. చీలిన క్షణంలో లోపలి ద్రవమంతా ఒక్కసారిగా ఆవిరై, అంటుకుని, పెద్ద అగ్నిగోళంగా లేస్తుంది. పూరిళ్లు తగలబడినప్పుడు ‘సిలిండర్ పేలి మంటలు వ్యాపించాయి’ అని పత్రికల్లో వచ్చే వార్తల్లో చాలాసార్లు జరిగేది ఇదే వరుస: ముందు ఇల్లు అంటుకుంటుంది, తర్వాత బండ పేలుతుంది. సగం ఖాళీ అయిన బండకు ఈ ప్రమాదం తక్కువ అనుకోవద్దు. ద్రవం చల్లబరచని గోడ దానిలో ఇంకా ఎక్కువ.

మీరు చేయగలిగినది చెబుతాం. కట్టెల పొయ్యిని పెరట్లోకో, పంచలోకో, గాలివాటు చూసుకుని ఇంటి కప్పుకు దూరంగా మార్చండి. గ్యాస్ మాత్రం గదిలో ఉంచుకోండి. వానాకాలంలో ఆరుబయట కుదరదు, పొయ్యిని లోపలికి తేక తప్పదు అంటే అన్నిరోజులూ గ్యాస్ వాడకుండా సిలిండర్‌ను రెగ్యులేటర్ తీసి, మూత పెట్టి, వేరే చోట గాలి ఆడేలా నిలబెట్టండి. ఒకే గదిలో రెండూ ఒకేసారి వెలగడం మాత్రం ఈ రోజు నుంచే ఆపేయండి.

ప్రశ్న: మా వంటగది ఇరుకు. అందుకని బండను బాల్కనీలో పెట్టి పైపు లోపలికి తీసుకున్నాం. ఎండాకాలంలో మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు ఎండ నేరుగా దాని మీద పడుతుంది. పేలుతుందేమోనని నిద్ర పట్టడం లేదు. – ఒక ఉద్యోగిని, నంద్యాల

జవాబు: ఎండకే పేలదు, నిద్రపోండి. పైన చెప్పినట్టు 65 డిగ్రీల వరకు సిలిండర్ తట్టుకునేలా చేస్తారు. కర్మాగారంలో నింపేటప్పుడే ద్రవం వ్యాకోచించడానికి పైన ఖాళీ వదులుతారు. అయితే ఎండ రబ్బరును తినేస్తుంది. పైపు పెళుసెక్కి, గోటితో వంచితే సన్నని పగుళ్లు కనబడతాయి. బాల్కనీలో ఆ లీకు వాసన లోపలున్న మీకు తెలియదు. బండకు నీడ ఏర్పాటు చేయండి, కానీ తలుపులున్న బిగుతైన పెట్టెలో పెట్టకండి. కిందిభాగంలో గాలి వెళ్లే సందు ఉండాలి. పైపు నారింజ రంగులో ఉండే, లోపల ఉక్కు తీగల అల్లిక ఉన్న, ఐఎస్ఐ గుర్తు గల సురక్షా పైపే వాడండి, 5 ఏళ్లకు తప్పక మార్చండి. గోడలో రంధ్రం చేసి, లోపల కనబడకుండా పైపును పంపడం మంచిది కాదు. ఎలుక కొరికినా, ఒరిసిపోయినా మీ కంటపడదు. మీరు రాసిన తీరు చూస్తే గోడలోంచే పంపినట్టు అనిపిస్తోంది. ఏజెన్సీ మెకానిక్‌ను పిలిచి ఒకసారి చూపించండి.

ప్రశ్న: పెళ్లిళ్లకు వంటలు చేస్తాను. పెద్ద బర్నర్ల మీద బిర్యానీ వండేటప్పుడు బండ మీద మంచు పట్టి మంట సన్నబడుతుంది. అప్పుడు బండను వేడినీళ్ల గంగాళంలో నిలబెడతాం. మా గురువుల కాలం నుంచీ అలాగే చేస్తున్నాం. ఇందులో తప్పేమిటి? – ఒక వంటమాస్టర్, ఖమ్మం

జవాబు: మంచు ఎందుకు పడుతుందో తెలిస్తే తప్పేమిటో మీకే అర్థమవుతుంది. బండలో ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది తన నుంచీ, ఉక్కు గోడ నుంచీ, చుట్టూ ఉన్న గాలి నుంచీ లాక్కుంటుంది. ఇంటి స్టవ్ వాడేంత గ్యాస్‌కు చుట్టూ ఉన్న గాలి ఇచ్చే వేడి సరిపోతుంది. మీ పెద్ద బర్నర్ దానికి అనేక రెట్లు లాగుతుంది. గాలి అంత వేడిని అందించలేక బండ చల్లబడిపోతుంది, గాలిలోని తేమ మంచుగా పేరుకుంటుంది, లోపల ఒత్తిడి పడిపోయి మంట సన్నబడుతుంది. వంటగ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువులు ప్రధానంగా ఉంటాయి. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీల దిగువన కూడా మరుగుతుంది గానీ, బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ దిగువనే ఆగిపోతుంది. బండ చివరికి వచ్చేసరికి బ్యూటేన్ పాలు ఎక్కువగా మిగులుతుంది కనుక ఇబ్బంది అప్పుడే ఎక్కువ. లంబసింగి నుంచి ఒక హోటల్ యజమాని చలికాలపు తెల్లవారుజామున ఇదే ఇబ్బంది పడుతున్నట్టు రాశారు. కారణం ఇదే.

మీరు బండను వేడినీళ్లలో పెట్టగానే మంట మళ్లీ లేస్తుంది. మందు పనిచేసింది అనిపిస్తుంది. కానీ ఆ నీళ్ల వేడి ఎంతో ఎవరూ కొలవరు. పొయ్యి మీద మరిగిన ఎసరే తెచ్చి పోస్తారు. అది 65 డిగ్రీలకు ఎంతో పైన ఉంటుంది. ఈలోగా వంట ముగిసి బర్నర్ కట్టేస్తే, గ్యాస్ వాడకం ఆగిపోతుంది, వేడి మాత్రం బండలోకి పోతూనే ఉంటుంది. అప్పటిదాకా చల్లగా ఉన్న బండ ఎవరూ చూడని సమయంలో వేడెక్కుతుంది. నీటి బదులు కింద బర్నర్ పెట్టి సన్నటి సెగ చూపించేవాళ్లు, పాతగోనె కాల్చి చుట్టూ పెట్టేవాళ్లు కూడా ఉన్నారని విన్నాం. అది పైన శ్రీకాకుళం రైతుకు చెప్పిన ప్రమాదాన్ని చేతులారా తెచ్చిపెట్టుకోవడమే. బండను పడుకోబెట్టి చివరి గ్యాస్ పిండుకోవడం కూడా అంతే ప్రమాదం. ద్రవం పైపులోకి దిగి బర్నర్ నుంచి మంట మనిషి ఎత్తున ఎగుస్తుంది.

గురువుల మీద మీకున్న గౌరవాన్ని తగ్గించమని చెప్పం గానీ, వారి కాలంలో ఎక్కువ వంట గాడిపొయ్యిల మీద జరిగిందని గుర్తుచేస్తున్నాం. మార్గం తేలికైనదే: ఒక బర్నర్‌కు ఒక బండ అని కాకుండా, మూడు నాలుగు 19 కిలోల వాణిజ్య సిలిండర్లను ఒకే పైపులైనుకు కలిపే మానిఫోల్డ్‌ను పరిజ్ఞానం ఉన్నవారితో బిగించుకోండి. ఒక్కో బండ నుంచి లాగే గ్యాస్ తగ్గుతుంది, మంచు పట్టదు. బండలను పొయ్యిలకు దూరంగా, టెంటు గుడ్డ తగలని చోట నిలబెట్టండి. అన్నట్టు, పెళ్లివంటలకు ఇంటి సిలిండర్లు వాడడం చట్టవిరుద్ధం. మీరు ఏవి వాడుతున్నారో రాయలేదు కాబట్టి అడగడం లేదు.

ప్రశ్న: నేను, మరో ముగ్గురు స్నేహితులు గదిలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాం. చిన్న సిలిండర్ కొనుక్కున్నాం. వీధి చివర దుకాణంలో పెద్ద బండ నుంచి దీనిలోకి గ్యాస్ ఎక్కిస్తారు. ఇది సురక్షితమేనా? – ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కాదు. ఒక బండ నుంచి మరో బండలోకి గ్యాస్ మార్చడం నేరం కూడా. ఎక్కించే సమయంలో లీకయ్యే గ్యాస్ ఒక సమస్య. మీ గదికి వచ్చేది మరొకటి, దాని గురించే ఎవరూ ఆలోచించరు. దుకాణదారు తూకం సరిగా చూడక బండను నిండుగా నింపితే పైన వ్యాకోచానికి ఖాళీ మిగలదు. ద్రవాన్ని ఆవిరిలాగా నొక్కిపెట్టడం సాధ్యం కాదు. మధ్యాహ్నపు ఎండకు గది వేడెక్కగానే లోపలి ద్రవం ఉబ్బి గోడలను నేరుగా నెడుతుంది. నంద్యాల పాఠకురాలికి ఎండ వల్ల భయం లేదని రాశాం, మీకు ఆ మాట రాయలేం. చమురు సంస్థలు అమ్మే 5 కిలోల సిలిండర్‌ను చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు చూపి ఏజెన్సీలో తీసుకోవచ్చు. ధర కాస్త ఎక్కువే. నలుగురు పంచుకుంటే అంత భారం కాదు.

ప్రశ్న: అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే వంటగదిలో గ్యాస్ వాసన. భయంతో లైటు వేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వేశాను. ఏమీ కాలేదు. ఫ్యాన్ వేయకూడదని మా అబ్బాయి కోప్పడ్డాడు. వాసన పోవాలంటే ఫ్యాన్ వేయాలి కదా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి మాట నిజం. స్విచ్ వేసినప్పుడూ, తీసినప్పుడూ లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఫ్యాన్ మోటారులోనూ అదే భయం. అప్పటికే వెలుగుతున్న కరెంటు దీపాన్ని ఆర్పకూడదు, ఆరి ఉన్నదాన్ని వెలిగించకూడదు. మీ చేయి పడకపోయినా ఫ్రిజ్ దానంతటదే ఆన్ అవుతుంది. అందుకే కరెంటు ఆపాలంటే ఇంటి బయట ఉన్న మెయిన్ దగ్గరే ఆపాలి.

ఎంత లీకైతే ప్రమాదమో ఒక లెక్క చూడండి. గాలిలో గ్యాస్ సుమారు 2 శాతం నుంచి 9 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటగదిలో 2 శాతం అంటే ఇంచుమించు ఒక కిలో గ్యాస్. నిండు బండలో పద్నాలుగో వంతు. గ్యాస్ నేల దగ్గరే పేరుకుంటుంది కాబట్టి గదంతా నిండనవసరం లేదు, మోకాలి ఎత్తు వరకు చేరడానికి ఇంకా తక్కువే చాలు. మీరు నిలబడి పీల్చినప్పుడు వాసన కొద్దిగానే ఉన్నా మీ పాదాల దగ్గర పరిస్థితి వేరుగా ఉండవచ్చు. గ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. లీకు తెలియడం కోసం ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటు పదార్థాన్ని కలుపుతారు. ఆ వాసనకు ముక్కు కాసేపటికి అలవాటు పడిపోతుంది. ‘వాసన తగ్గింది కదా’ అని మీ ముక్కును నమ్మి లైటు వేయకండి.

ఈ వాయువు నేలబారున ఎంత దూరం పోతుందో మన విశాఖపట్నం వాసులకు చెప్పనవసరం లేదు. 1997 సెప్టెంబరు 14న అక్కడి హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై, మేఘంలా పరుచుకుని, అంటుకున్న ప్రమాదంలో సుమారు 60 మంది చనిపోయారు. ఇంటి బండకు, ఆ ట్యాంకులకు పోలిక లేదు. గ్యాస్ నడిచే తీరు మాత్రం ఒకటే.

కనుక వాసన రాగానే చీకట్లోనే వెళ్లి రెగ్యులేటర్ ఆపండి, తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. దేవుడి గూట్లో దీపం వెలుగుతోందేమో చూడండి. మన ఇళ్లలో చాలాచోట్ల వంటగదిలోనే దేవుడి అలమర ఉంటుంది, తొందరలో అది ఎవరికీ గుర్తుండదు. వాసన ఘాటుగా ఉండి కళ్లు మండుతుంటే ఏదీ ముట్టుకోకుండా అందరినీ లేపి బయటికి వచ్చేయండి. పక్కవాళ్లను లేపడానికి కాలింగ్ బెల్ నొక్కకండి, తలుపు తట్టండి. బయటికి వచ్చాకే ఫోన్ తీసి 1906కి చేయండి. గ్యాస్ లీకు ఫిర్యాదుల కోసం ఆ నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

ప్రశ్న: ప్రతి ఏటా మాల వేసుకుని బస్సులో శబరిమల వెళతాం. దారిలో వండుకోవడానికి బండ, స్టవ్ బస్సు డిక్కీలో వేసుకుంటాం. ఈసారి రైల్లో వెళదామనుకుంటున్నాం. తీసుకెళ్లవచ్చా? – ఒక గురుస్వామి, కడప

జవాబు: స్వామీ, రైల్లో ససేమిరా కూడదు. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్ వద్ద నిలిపి ఉన్న ఒక పర్యాటక బోగీలో యాత్రికులు దాచి తెచ్చుకున్న సిలిండర్ వల్ల నిప్పంటుకుని 9 మంది చనిపోయారు. వారూ తీర్థయాత్రకు బయలుదేరినవారే. రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం ఇలాంటి వస్తువులు తీసుకెళ్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

బస్సు సంగతి కూడా మీరు మళ్లీ ఆలోచించాలి. డిక్కీ మూసి ఉన్న అర. లీకైన గ్యాస్ అక్కడే నిలుస్తుంది, దాని పక్కనే ఇంజన్ వేడి, వైర్లు ఉంటాయి. గతుకుల రోడ్డు మీద బండ పడిపోయి వాల్వ్ దెబ్బతింటే నడిపేవారికి తెలియదు. అన్నదానం జరిగే చోట్లు దారి పొడవునా ఉన్నాయి. వంట తప్పదంటే ఆగిన ఊళ్లోనే వంటవారిని మాట్లాడుకోండి.

ప్రశ్న: బండ మెడ దగ్గర ‘డి–27’ అని రాసి ఉంది. గ్యాస్ గడువు తేదీయా? – ఒక గృహిణి, వరంగల్

జవాబు: గ్యాస్‌కు గడువు లేదు. అది సిలిండర్‌కు మళ్లీ ఒత్తిడి పరీక్ష చేయవలసిన గడువు. సంవత్సరాన్ని నాలుగు భాగాలుగా చేసి ఏ, బీ, సీ, డీ అక్షరాలు ఇచ్చారు. ఏ అంటే మార్చి వరకు, బీ జూన్ వరకు, సీ సెప్టెంబరు వరకు, డీ డిసెంబరు వరకు. మీ బండను 2027 డిసెంబరు దాకా వాడవచ్చు. గడువు దాటిన బండ తెస్తే తీసుకోకండి, మార్చి ఇమ్మని అడగండి. ఒకసారి మంటలో కాలిన బండ గడువు ఎంత మిగిలి ఉన్నా, పైకి రంగు మాత్రమే పోయినట్టు కనిపించినా, దాన్ని వాడకూడదు. ఏజెన్సీకి చెప్పి అప్పగించండి.

ప్రశ్న: కొత్తగా వచ్చిన ఫైబర్ సిలిండర్ మంటలో పేలదంటున్నారు. నమ్మవచ్చా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉక్కు బండ చీలినట్టు అది చీలదన్నది నిజమే. మంటకు దాని గోడలోని జిగురు పదార్థం కాలి, గోడ సన్నని రంధ్రాలు పడినట్టయి, గ్యాస్ మెల్లగా బయటికి వచ్చి మండిపోతుంది. కానీ మండేది మీ వంటగదిలోనే. పేలుడు తప్పుతుంది, అగ్నిప్రమాదం తప్పదు. లీకు, రెగ్యులేటర్, పైపు విషయంలో జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

ప్రశ్న: మా బంధువుల ఇంట్లో సిలిండర్ ప్రమాదంలో ఒకరికి ఒళ్లు కాలింది. బీమా ఉంటుందని ఎవరో చెప్పారు. మేము ప్రీమియం ఏమీ కట్టలేదు. వస్తుందా? – ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: వస్తుంది, ప్రీమియం మీరు కట్టనవసరం లేదు. చమురు సంస్థలు తమ నమోదిత వినియోగదారులందరి తరఫున బీమా తీసుకుంటాయి. ఎల్‌పీజీ వల్ల జరిగిన ప్రమాదంలో ఎవరైనా మరణిస్తే ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయలు, గాయపడితే వైద్య ఖర్చులకు ఒక్కొక్కరికి 2 లక్షల వరకు, అయితే ఒక ప్రమాదానికి అందరికీ కలిపి 30 లక్షలకు మించకుండా, నమోదైన చిరునామాలోని ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు పరిహారం ఉంటుంది.

ఇది ఎంతోమందికి అందకపోవడానికి కారణం సమాచారం ఆలస్యం కావడమే. ప్రమాదం జరిగిన వెంటనే గ్యాస్ ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం నకలు మీద తేదీతో సంతకం తీసుకోవాలి. పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్ఐఆర్ నకలు దగ్గర ఉంచుకోవాలి. ఆసుపత్రి బిల్లులు, మందుల చీటీలు, డిశ్చార్జి పత్రం అసలువి పారేయవద్దు. మరణం సంభవిస్తే పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. ఏజెన్సీ వారు చమురు సంస్థకు, సంస్థ బీమా కంపెనీకి తెలియజేస్తారు. మీరు నేరుగా బీమా కంపెనీ చుట్టూ తిరగనవసరం లేదు. విచారణకు వచ్చేవారు రెగ్యులేటర్, పైపు, స్టవ్‌లకు ఐఎస్ఐ గుర్తు ఉందా అని చూస్తారు కాబట్టి, కాలిపోయినా సరే వాటిని పాత ఇనుములో వేయకుండా ఉన్నవి ఉన్నట్టు దాచమని మీ బంధువులకు ఈ రోజే చెప్పండి.